ఖలాస్ అన్న ఒక్క మాట

కువైట్‌కు పనికి పోయిన ఆడవాళ్ళకు ముందుగా పట్టుబడే అరబ్బీ మాట ఖలాస్. అంట్లు తోమడం అయిందా అని మామా, అంటే ఇంటి యజమానురాలు, అడిగితే ఖలాస్. డబ్బాలో చక్కెర నిండుకుంటే ఖలాస్. పాప అన్నం తినేస్తే ఖలాస్, గ్యాసు బండ అయిపోతే ఖలాస్. పని పూర్తయినా అదే మాట, వస్తువు అయిపోయినా అదే మాట. మూడో తరగతితో బడి మానేసిన నాలాంటిదానికి ఒక్క మాటతో ఇన్ని పనులు గడిచిపోవడం ఎంత సుఖమో చెప్పలేను. ఆ సుఖంలోనే ఒక మనిషి చెయ్యి చెడగొట్టాను.

నేను రాయచోటి వైపు నుంచి పోయినదాన్ని. మొదటి రెండేళ్ళు మామా ఇంట్లోనే వంట, ఊడ్పు. మామా తమ్ముడికి కువైట్ సిటీలో పాత సూక్, అంటే బజారు, వెనకాల చిన్న ఆసుపత్రి ఉండేది. అక్కడ ఊడ్చే మనిషి లేదని నన్ను అక్కడికి పంపించారు. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, మామా ఇంటిదే, పని మాత్రం ఆసుపత్రిలో.

ఎక్స్‌రే గదిలో కడప సాయిబు ఒకాయన ఉండేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మే అనేవాడు. నేను ఆ గది తుడవడానికి పోయిన మొదటి రోజే, "మ్మే, ఆ క్యాసెట్టు ఇట్లా అందుకో" అన్నాడు. నేను బల్ల సొరుగంతా గాలించి పాటల క్యాసెట్టు ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లో ఎముకలు పడవు మే. పాటలే పడతాయి."

ఎక్స్‌రే వాళ్ళ క్యాసెట్టు అంటే పలకంత వెడల్పున్న రేకు పెట్టె. పుస్తకంలా తెరుచుకుంటుంది. లోపల రెండు వైపులా తెల్లటి తెరలు అతికించి ఉంటాయి. వాటి మధ్యలో ఫిల్ము పెట్టి మూస్తారు. ఎక్స్‌రే తగలగానే ఆ తెరలు వెలుగుతాయట. ఆ వెలుగే ఫిల్ము మీద బొమ్మ వేస్తుంది. ఇదంతా నాకు ఆయన చెప్పినదే. ఆయనకు మాట్లాడే మనిషి కావాలి, నాకు వినడమంటే ఇష్టం. నేను చదవలేను గానీ, చెవిన పడింది పోనివ్వను.

కొన్నాళ్ళకు చీకటి గదిలోకి కూడా రానిచ్చాడు. ఎర్ర బల్బు కింద ఫిల్మును మొదటి తొట్టిలో ముంచడం, బొమ్మ తేలేదాకా ఆగడం, రెండో తొట్టిలో ముంచడం, నీళ్ళలో జాడించి చీరలా ఆరేయడం. నా చెయ్యి వాటానికి వచ్చింది. "నువ్వు నాలుగు అక్షరాలు నేర్చుకొనింటే నా పని ఊడేది మే" అనేవాడు. ఆ మాట నేను ఎన్నిసార్లు తలుచుకుని మురిసిపోయానో.

బొమ్మలో రెండు తప్పులు చూడమన్నాడు. ఒకటి ఇసుక. వెలుగు చాలకపోతే బొమ్మంతా సన్నగా ఇసుక చల్లినట్టు వస్తుంది, చిన్న చిన్న సంగతులు ఆ ఇసుకలో కలిసిపోతాయి. రెండోది అలుకు. మనిషి కదిలినా, ప్లేటు మోటుదైనా ఎముక అంచు పేడతో అలికినట్టు వస్తుంది. ఆ రేకు పెట్టెలనే ప్లేట్లు అని కూడా అనేవాడు. ఆ ఆసుపత్రిలో అవి రెండు రకాలు ఉండేవి. సన్నపని ప్లేటుకు ఎక్స్‌రే ఎక్కువ కావాలి, కానీ వెంట్రుక లాంటి పగులు కూడా కనిపిస్తుంది. తొందర ప్లేటుకు కొంచెం చాలు, కానీ ఇసుకా ఎక్కువే, అలుకూ ఎక్కువే.

మూడోది కూడా ఒకటి చెప్పాడు. నాకు సంబంధించింది అదే.

"తెర మీద దుమ్ము పడిందనుకో. ఆడ వెలుగు ఫిల్ముకు తగలదు. తెల్ల చుక్క పడుతుంది. చూసినోడు ఒంట్లో ఇనుపముక్క ఉందనుకుంటాడు. నువ్వు పొద్దున్నే వచ్చి తెరలు తుడిచినావంటే నాకింక వేరే ఏం పని చెయ్యకున్నా పర్వాలా."

"మరి చుక్క పడితే అది దుమ్మో, ఇనుమో ఎట్లా తెలుస్తుంది అన్నా?"

"అంచు చూడు. ఒంట్లో ఉండేది ఏదైనా ఈ తొందర ప్లేటులో కాస్త అలుకుతుంది. దుమ్ము ఫిల్ముకు ఆనుకొని కూర్చుంటుంది గదా, అది అలకదు. బ్లేడుతో కోసినట్టు ఉంటుంది."

అప్పటి నుంచి ప్రతి పొద్దున ఒక సీసాలోని మందు నీళ్ళు మెత్తటి గుడ్డ మీద పోసి తెరలు తుడిచేదాన్ని. ఆయన నాకు అప్పగించిన ఒకే ఒక్క సొంత పని అది.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీదికి వచ్చింది. మామా వాళ్ళు రెండు కార్లలో సౌదీకి పోయారు. నన్ను తీసుకుపోవడానికి చోటు లేదు, ఆసుపత్రిలోనే ఉండమన్నారు. కేరళ నర్సులు పోయారు. కొన్ని వారాలకు కడప అన్న కూడా జోర్డాన్ దారి పట్టాడు. పోయేముందు చీకటి గది తాళం నా చేతిలో పెట్టి, "తెరలు మే" అన్నాడు. అంతే అన్నాడు. జాగ్రత్త అని కూడా అనలేదు.

మిగిలింది ముసలి ఈజిప్టు డాక్టరు, నేను, వాకిలి దగ్గర ఒక కాపలా మనిషి. డాక్టరే మిషను బటన్ నొక్కేవాడు, ఫిల్ము నేను కడిగేదాన్ని. సన్నపని ప్లేట్లను తుపాకుల వాళ్ళు ఒకరోజు వచ్చి పెట్టెలతో సహా ఎత్తుకుపోయారు. బల్ల కింద పడి ఉండి ఒక్క తొందర ప్లేటు మిగిలింది. కొత్త ఫిల్ములు ఊరి బయట సబ్హాన్‌లోని గోడౌనులో ఉన్నాయి గానీ, దారిలో ఆపి వెతుకుతున్నారు, తెచ్చేవాళ్ళు లేరు. ఉన్న కాసిని ఫిల్ములను డాక్టరు బీరువాలో పెట్టి మనిషికి ఒకటే అన్నాడు. మామూలుగా చెయ్యి ఫొటో తీస్తే ఒకటి పైనుంచి, ఒకటి పక్కనుంచి తీస్తారు. ఆ రోజుల్లో ఒకటే.

ఆ కాలంలో డాక్టరు వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, ఈవిడ లేకపోతే నేను గుడ్డివాణ్ణి అని అరబ్బీలో చెప్పేవాడు. సిగ్గు పడినట్టు కొంగు సర్దుకునేదాన్ని. లోపల మాత్రం పొంగిపోయేదాన్ని. ఊళ్ళో ఎవరూ నన్ను అట్లా అన్నది లేదు.

ఆ రోజు పొద్దున తోజ్ లేచింది. దుమ్ముగాలిని అక్కడ అట్లా అంటారు. కిటికీ సందుల్లోంచి కూడా పిండి జల్లించినట్టు పడుతోంది. మందు నీళ్ళ సీసా వంచితే చుక్క రాలేదు. కుళాయిలోనూ నీళ్ళు రాలేదు. ఉత్త గుడ్డతో అయినా తుడవవచ్చు. మునుపు ఒకసారి తుడిచాను కూడా. ఆ పూట మాత్రం, ఈ దుమ్ములో ఎవరొస్తారులే, నీళ్ళు వచ్చినాక చూద్దాం అనుకున్నాను. ఫిల్ము పెట్టి ప్లేటు మూసేశాను. తుడవాల్సింది ఒకే ఒక్క ప్లేటు. అది కూడా తుడవలేదు.

రెండు గంటలైనా కాలేదు, ఒకాయన చేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. తువ్వాలంతా రక్తం. వాకిట్లో నా బొట్టు చూసి తెలుగులోనే అడిగాడు.

"ఏ ఊరక్కా?"

చెప్పాను. ఆయనది పీలేరు. సూక్‌లో దర్జీ, అరబ్బు మగవాళ్ళ పొడుగు చొక్కాలు, దిష్‌దాషాలు కుట్టేవాడు. వీధి చివర ఏదో పేలిందట, అంగడి అద్దం వచ్చి కుడిచేతి మీద పడిందట. బొటనవేలి మొదట్లో లోతుగా తెగింది. డాక్టరు గాజు పెంకులు తీస్తుంటే ఆయన మొహం అటు తిప్పుకుని నాతో మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఎముక ఇరిగినా పర్వాలేదక్కా, అతుక్కుంటుంది. ఈ బొటనేలు మాత్రం వంగాల. కత్తెర పట్టేది దీంతోనే. ఇది లేకుంటే నేను యాపారం లేని యాపారస్తుణ్ణి."

గాజుతో పాటు ఇనుపముక్క ఏదైనా లోపలికి పోయిందేమో చూడాలని డాక్టరు ఫొటో తీశాడు. కరెంటు ఆ రోజు నీరసంగా ఉంది. నేను మొదటి తొట్టిలో ముంచితే బొమ్మ తేలడం లేదు. మందూ పాతబడింది. మామూలుకన్నా చాలాసేపు ఉంచాను. తీసి కిటికీ వెలుగుకు పట్టుకుంటే అంతా ఇసుకే. ఎముకల అంచులు అలికినట్టున్నాయి. ఆ ఇసుకలో, ఆ అలుకులో, బొటనవేలి మొదట్లో, సరిగ్గా గాయం దగ్గర ఒక తెల్ల చుక్క.

దాని అంచు బ్లేడుతో కోసినట్టుంది.

నేను చూశాను. చూసినప్పుడే కడప అన్న మాట గుర్తొచ్చింది. డాక్టరు వచ్చి నా చేతిలోంచి ఫిల్ము తీసుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కుకు ఆనించుకుని చూశాడు. ముసలాయన, ఇసుక బొమ్మ. అంచులు చూసే కళ్ళు కావు అవి. చుక్క మీద వేలు పెట్టి, నన్ను చూసి అడిగాడు.

"నద్దఫ్తీ?"

తుడిచావా అని. పొద్దున తెర తుడిచావా అని ఆ అడగడం. రెండో ఫిల్ము తీసే వీలుంటే అడిగేవాడు కాడు. లేదు కాబట్టి ఫిల్మును అడగకుండా నన్ను అడిగాడు.

"ఖలాస్, డాక్టర్" అన్నాను.

చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను, నేను అబద్ధం ఆడలేదని. సీసాలో మందు ఖలాస్ అన్నాను, ఆయన పని ఖలాస్ అని విన్నాడు, నా తప్పేముంది అని. పడుకుని ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకునేదాన్ని. కానీ ఆయన ఎట్లా వింటాడో అనేటప్పుడే నాకు తెలుసు. తెలిసే ఆ మాట ఏరుకున్నాను. లేదు అనడానికి 'లా' అని ఒక్క అక్షరం చాలు. అది కూడా నాకు వచ్చు. అప్పగించిన ఒక్క పని చెయ్యలేదని, ఈవిడ లేకపోతే నేను గుడ్డివాణ్ణి అన్న నోటికి చెప్పుకోలేకపోయాను.

డాక్టరు తల ఊపాడు. ఇనుమే అన్నాడు. కోసి తీయాలి, లేకపోతే చీము పడుతుంది అన్నాడు. నేను దర్జీకి తెలుగులో చెప్పాను. ఆ మాట కూడా నా నోటితోనే చెప్పాను.

డాక్టరు కత్తులు మరగబెట్టేంతసేపు సమయం ఉంది. చీకటి గది నాలుగు అడుగుల దూరం. పోయి ప్లేటు తెరిచి చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే చెప్పాలి. అందుకే పోలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళు, ఇప్పుడు చెబుతున్నాను.

మత్తు మందు కొంచెమే ఉంది. మణికట్టు నన్ను పట్టుకోమన్నాడు డాక్టరు.

"గట్టిగా పట్టుకో అక్కా. నేను ఏడ్వను గానీ నువ్వు ఏడ్వాకు, నాకు నవ్వొస్తుంది" అన్నాడు దర్జీ.

డాక్టరు కోశాడు. వెతికాడు. సుగయ్యర్, సుగయ్యర్ అని తనలో తాను అనుకుంటున్నాడు. చిన్నది, చాలా చిన్నది అని. ఇంకొంచెం లోపలికి వెతికాడు. దర్జీ ఊళ్ళోని తన అంగడి గురించి చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేశాడు. పళ్ళ చప్పుడు వినిపించింది. నా చేతుల కింద ఆ మణికట్టు కొట్టుకోవడం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది. డాక్టరు చమట తుడుచుకుని, దొరకడం లేదు, ఇంకా వెతికితే నరం పోతుంది అన్నాడు. అప్పటికే పోయింది, అది మాకు తర్వాత తెలిసింది. కుట్లు వేసి చేతులు దులుపుకుని అన్నాడు.

"ఖలాస్."

వదిలేద్దాం అని ఆ మాటకు ఇంకో అర్థం.

వాళ్ళు వరండాలోకి పోయాక నేను ప్లేటు తెరిచాను. ఆరిన ఫిల్మును తెర మీద సరిగ్గా పెట్టి చూశాను. బొటనవేలి మొదలు ఎక్కడ వచ్చిందో అక్కడ, తెర మీద, ఆవగింజలో సగం కూడా లేని ఇసుక రేణువు కూర్చుని ఉంది. గోటితో తీశాను. ఊడి వచ్చేసింది.

అప్పుడైనా పోయి చెప్పి ఉండవచ్చు. ఇంక చెప్పి ఏం లాభం అనుకున్నాను. లాభం ఉందని పన్నెండేళ్ళకు తెలిసింది.

ఇండియా వాళ్ళను పంపిస్తున్నారని తెలిసి మేము బస్సు ఎక్కినప్పుడు దర్జీ కూడా అదే బస్సులో ఉన్నాడు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు. ఎడారిలో గుడారాల్లో ఉంచారు. ఆయన బొటనవేలు చేతికి అతికించిన చెక్కముక్కలా ఉంది. నీళ్ళ సీసా మూత రాకపోతే నా దగ్గరికి తెచ్చేవాడు. చొక్కా బొత్తాలు నేను పెట్టేదాన్ని. తన వృత్తి మీద తనే వేళాకోళం చేసుకునేవాడు.

"ఊరందరికీ బొత్తాలు కుట్టినోడు, ఇప్పుడు అక్క చేత బొత్తాలు పెట్టించుకుంటా ఉండాడు."

ఇంకోసారి అన్నాడు. "ఆ పొద్దు నువ్వు ఉండబట్టి సరిపోయిందక్కా. నా బాస తెలిసిన మనిషి ఉండాదని ధైర్యం. ఇనుము దొరక్కపోతే పోనీ, పాపం ముసిలాయన ఎంత యెతికినాడు."

నేను మూత తిప్పి సీసా ఇచ్చాను.

బొంబాయిలో విడిపోయాం. నేను మళ్ళీ కువైట్ పోలేదు. పన్నెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, నేను వాకిట్లో చింతపండు గింజలు తీస్తుంటే, "అక్కా" అని ఎవరో పిలిచారు. జుట్టు నెరిసింది గానీ, సంచీ ఎడమ చేత్తో పట్టుకున్న తీరు చూసి పోల్చుకున్నాను. పీలేరులో అంగడి పెట్టుకున్నాడట. కొలతలు ఆయన తీసుకుంటాడు, కత్తిరించడం, కుట్టడం ఆయన భార్య. నా ఊరి పేరు గుర్తుపెట్టుకుని, అడుక్కుంటూ వచ్చాడు.

మజ్జిగ తాగాక సంచీలోంచి రెండు ఫిల్ములు తీశాడు. ఒకటి నేను కడిగినది. అంచులు పసుపు పచ్చబడ్డాయి. పోయే రోజు డాక్టరు ఇచ్చేశాడట. రెండోది కొత్తది.

"మెడ నొప్పక్కా. చేతులు తిమ్మిర్లు పడతా ఉండాయి. తిరుపతిలో స్కానింగు రాసినారు. అయస్కాంతం మిషను అంట. లోపలికి పోయేముందు అడుగుతారు, ఒంట్లో యాడన్నా ఇనుము ఉండాదా అని. ఉండాది, కువైటుది, అని చెప్పినా. ఉంటే పోగూడదు, అయస్కాంతం లాగేస్తుంది అని ఎనక్కి పంపినారు. రెండుసార్లు పోయి వచ్చినా."

"చెయ్యికి ఫొటో తీయలేదా?"

"తీసినారు. ఇదే. ఏమీ లేదు పో అన్నారు. కానీ ఈ పాతదాంట్లో ఉండాదే. అంత సన్నది కనపడకుండా లోపల దాక్కొని ఉంటే? ఏది నమ్మాల్నో తెలియక, నువ్వు ఆ ఫొటో కడిగినదానివి గదా, నిన్నే అడుగుదామని వచ్చినా."

రెండు ఫిల్ములూ పగటి వెలుగుకు పట్టుకున్నాను. కొత్తది ఎంత నున్నగా ఉందో. ఇసుక లేదు, అలుకు లేదు, ప్రతి ఎముకా గీత గీసినట్టు. పాతది ఇసుక తుఫానులా ఉంది. దాని మధ్యలో ఆ చుక్క.

ఇప్పుడు కూడా తప్పించుకునే మాటలు నా దగ్గర ఉన్నాయి. కరిగిపోయిందేమో, చీములో వచ్చేసిందేమో అనవచ్చు. ఆయన నమ్ముతాడు. ఇరవై రకాలుగా నోటిదాకా వచ్చాయి.

"అది ఇనుము కాదు" అన్నాను. "దుమ్ము. ఆ పొద్దు నేను ప్లేటు తుడవలేదు. డాక్టరు అడిగితే తుడిచినట్టు చెప్పినాను."

ఆయన వెంటనే కోప్పడలేదు. ముందు మెడ పట్టుకున్నాడు.

"అంటే లోపల ఏమీ లేదా?"

"లేదు. ఎప్పుడూ లేదు."

"ఐతే మిషనులోకి పోవచ్చు."

"పోవచ్చు."

గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ మొహంలో కాసేపు వచ్చిన నెమ్మది చూస్తే నాకు ఏడుపు వచ్చింది. పన్నెండేళ్ళు లేని ఇనుమును మోసిన మనిషి దాన్ని దించుకున్నాడు. తర్వాత నెమ్మదిగా రెండో సంగతి ఆయనకు అందింది. అందుతుండటం నాకు కనిపించింది.

"ఆయన కోసేటప్పుడు నీకు తెలుసునా?"

"తెలుసు."

"నా చెయ్యి పట్టుకొని ఉంటివే."

"పట్టుకొని ఉంటి."

పాత ఫిల్ము తీసుకుని చూశాడు. "యాడుండాది, చూపించు" అన్నాడు. చుక్క అంచు చూపించాను. ఎముక అంచుకూ దానికీ తేడా చెప్పాను, కడప అన్న నాకు చెప్పినట్టే. శ్రద్ధగా విన్నాడు. గుడ్డ నేత చూసే మనిషి, వెంటనే పట్టుకున్నాడు.

"అవును. కోసినట్టుండాది" అన్నాడు.

ఫిల్ములు కవరులో పెట్టుకోబోయాడు. ఎడమ చేత్తో పెడుతుంటే కవరు జారిపోతోంది. నేను చెయ్యి చాపాను. ఆయన కవరును తన వైపుకు లాక్కుని, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, తనే పెట్టుకున్నాడు. ఎంతసేపు పట్టిందో. నేను చూస్తూ కూర్చున్నాను.

గడప దిగి చెప్పులు వేసుకుని, నా వైపు సరిగ్గా చూడకుండా అన్నాడు.

"పోయొస్తానండీ."

మా వైపు అండీ అని ఎవరిని అంటాం. ఆఫీసులో గుమాస్తాను అంటాం, బ్యాంకులో మేనేజరును అంటాం. బస్సులో, గుడారంలో, బొత్తాలు పెట్టినన్నాళ్ళూ నేను అక్కను. ఆ మధ్యాహ్నం వాకిట్లోకి వచ్చినప్పుడు కూడా అక్కనే.

ఆయనకు స్కానింగు అయిందని, మెడలో నరం నొక్కుకుందని, మందులతో కొంచెం తగ్గిందని పీలేరు సంతకు పోయి వచ్చినవాళ్ళ ద్వారా విన్నాను. ఆయన చెప్పి పంపలేదు.